కొంగ ఎందుకు మసకబారింది? హైదరాబాద్ చెరువుల దగ్గర కెమెరా పట్టేవాళ్ల కోసం

ఆటో మోడ్ ఎప్పుడో వదిలేశారు. షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్‌ఓ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో తెలుసు. కిట్ లెన్సుకు తోడు 300 ఎం.ఎం. దాకానో 400 ఎం.ఎం. దాకానో వెళ్లే టెలీ లెన్స్ కూడా చేతికొచ్చింది. ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకో గండిపేటకో వెళ్తే నాలుగైదు వందల ఫొటోలు వస్తున్నాయి, అందులో చూడబుద్ధయ్యేవి పదో పన్నెండో. ఆ పన్నెండు ఎందుకు బాగొచ్చాయో, మిగతావి ఎందుకు చెడ్డాయో మాత్రం అంతుపట్టదు. ఫొటోగ్రఫీలో చాలామంది ఏళ్ల తరబడి ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఇంకా పెద్ద లెన్స్ కొంటే తీరిపోతుందనుకుంటారు. తీరదు, ఎందుకంటే పాత తప్పులే పెద్ద లెన్సులో ఇంకా పెద్దవిగా కనిపిస్తాయి.

అందుకే చెడిపోయిన ఫొటోలను ఇంటికి రాగానే డిలీట్ చేయకండి. కంప్యూటర్‌లో 100 శాతం జూమ్‌లో ఒక్కొక్కటీ తెరిచి, అది ఏ రకం మసకో చూడండి. ఫోన్‌లో చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి, కెమెరా వెనక తెర మీద ఇంకా బాగుంటాయి. మసక అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

మొదటిది చెయ్యి కదిలిన మసక. ఫ్రేములో ఉన్నవన్నీ, అంటే పిట్ట, కొమ్మ, వెనకున్న గడ్డి, ఒకే దిక్కుకు సాగినట్టు ఉంటాయి. గుర్తుపట్టడానికి పిట్ట కన్ను చూడండి. కంట్లో సూర్యుడి మెరుపు చుక్కలా ఉండాల్సింది చిన్న గీతలా సాగి ఉంటే తప్పు చేతిదే. షట్టర్ వేగం, లెన్స్ ఎం.ఎం. అంకెను కింద వేసిన భిన్నం కంటే తగ్గకూడదని లెక్క. 400 ఎం.ఎం. లెన్సును ఏపీఎస్-సీ కెమెరాకు, అంటే సెన్సర్ చిన్నగా ఉండేదానికి పెడితే 1.5తో గుణించి 600గా లెక్కపెట్టాలి, కాబట్టి షట్టర్ 1/600 కంటే తగ్గకూడదు. పొద్దున్నే చలికి వణికే చేతులతో 1/800 పెట్టుకోవడం మంచిది. లెన్సులో చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ ఉంటే ఇంకా తగ్గించవచ్చు. కానీ షట్టర్ బటన్ సగం నొక్కిన వెంటనే తీసేయకండి, వ్యూఫైండర్‌లో బొమ్మ నిలదొక్కుకునేదాకా అర సెకను ఆగండి.

రెండోది పిట్ట కదిలిన మసక. కాళ్లు, కొమ్మ స్పష్టంగా ఉండి, తలో రెక్కో మాత్రమే చెదిరి ఉంటుంది. దీనికి స్టెబిలైజర్ పైసాకు పనికిరాదు, ఎందుకంటే అది మీ చేతిని ఆపుతుంది గానీ పిట్టను ఆపలేదు. మీ చేతిని స్టెబిలైజర్ చూసుకుంటే, కదలకుండా కూర్చున్న కొంగకు 1/500 చాలు. తల అటూ ఇటూ విదిలించే లకుముకి పిట్టకు 1/1000 కావాలి. ఎగిరే గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ లాంటి పెద్ద పక్షులకు 1/1600, పాలపిట్ట గాలిలో పల్టీ కొట్టేటప్పుడు 1/2500, పువ్వు ముందు రెక్కలాడించే తేనెపిట్టకు 1/3200 పెట్టినా రెక్క కొసలు కొంచెం చెదురుతాయి. అది తప్పేమీ కాదు, కన్ను నిలబడితే చాలు. ఐఎస్‌ఓ పెరుగుతుందని భయపడి షట్టర్ తగ్గించడం ఈ దశలో అందరూ చేసే తప్పు. ఐఎస్‌ఓ 3200లో వచ్చిన గరుకును సాఫ్ట్‌వేర్ చాలావరకు తగ్గిస్తుంది. చెదిరిన కన్నును ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా తిరిగి ఇవ్వలేదు.

మూడోది ఫోకస్ తప్పిన మసక. పిట్ట మసకగా ఉన్నా ఫ్రేములో ఇంకేదో ఒకటి చాలా స్పష్టంగా ఉంటుంది. ముందున్న జమ్ము ఆకో, వెనకున్న తుమ్మ కొమ్మో, పిట్ట తోకో. కారణం లెక్కల్లోనే ఉంది. ఏపీఎస్-సీ కెమెరాపై 400 ఎం.ఎం., ఎఫ్/5.6 పెట్టి 10 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని తీస్తే, ముందు వెనకలు కలిపి స్పష్టంగా ఉండే లోతు దాదాపు 14 సెంటీమీటర్లు. అదే 5 మీటర్లకు దగ్గరైతే 3.5 సెంటీమీటర్లే. దూరం సగమైతే లోతు నాలుగో వంతవుతుంది. అంటే అరచేతిలో పట్టే తేనెపిట్టకు కూడా ముక్కు నుంచి తోక దాకా స్పష్టత రాదు. దగ్గరికి వెళ్లగలిగినప్పుడు అపర్చర్‌ను ఇంకా చిన్నది చేసి ఎఫ్/8కి రండి, పిట్ట పక్కకు తిరిగి మీకు సమాంతరంగా నిలబడేదాకా ఆగండి.

ఫోకస్ తప్పడం తగ్గాలంటే రెండు అలవాట్లు చేసుకోవాలి. షట్టర్ బటన్ నుంచి ఫోకస్‌ను తీసేసి, వెనక బొటనవేలి కింద ఉండే ఏఎఫ్-ఆన్ బటన్‌కు మార్చండి. కదిలే పిట్టను వెంటాడే కంటిన్యువస్ ఫోకస్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. పిట్ట కదులుతున్నంతసేపూ వేలు నొక్కి ఉంచుతారు, అది కూర్చోగానే వదిలేస్తారు. అడ్డంగా కొమ్మ వచ్చినా ఫోకస్ ఎగిరిపోదు. చేతికి అలవాటు కావడానికి ఒక వారం పడుతుంది, ఆ వారంలో మంచి ఫొటోలు కొన్ని పోతాయి, అయినా వెనక్కి మారకండి. రెండోది ఫోకస్ పాయింట్ ఎంపిక. జమ్ములోనో గుర్రపుడెక్క ఆకుల మధ్యనో ఉన్న పక్షికి ఒకే చిన్న పాయింట్ వాడాలి, ఖాళీ ఆకాశంలో ఎగిరేదానికి పాయింట్ల గుంపు వాడాలి. కొత్త కెమెరాల్లో పక్షి కన్నును పట్టే సదుపాయం చాలా బాగా పనిచేస్తుంది. కానీ ముందు రెల్లు అడ్డుంటే అదీ తికమకపడుతుంది, అప్పుడు చిన్న పాయింట్‌కు రావాల్సిందే.

ఇక నాలుగోది. దీని గురించి చాలామందికి తెలియదు, లెన్సులో లోపముందనుకుని సర్వీస్ సెంటర్లకు తిరుగుతారు. ఫొటోలో ఎక్కడా స్పష్టత ఉండదు, అలాగని ఏ దిక్కుకూ సాగినట్టు కూడా ఉండదు. ఈకల అంచులు నీళ్లలోంచి చూసినట్టు వంకరగా ఉంటాయి. వరసగా తీసిన పది ఫొటోలు పక్కపక్కన పెడితే, ఒక్కోదాంట్లో ముక్కు ఒక్కో ఆకారంలో కనిపిస్తుంది. ఇది వేడి గాలి మసక. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు బండలూ ఎండిన చెరువు మట్టీ కాలి, వాటి మీద గాలి పొరలు పొరలుగా పైకి లేస్తుంది. వేడి గాలి, చల్ల గాలి కాంతిని వేర్వేరుగా వంచుతాయి. ఎండమావి పుట్టేది కూడా ఇలాగే. కంటికి పెద్దగా తెలియని ఈ కదలికను 400 ఎం.ఎం. లెన్స్ పెద్దది చేసి చూపిస్తుంది.

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఉదయం తొమ్మిది దాటాక 40, 50 మీటర్ల అవతలున్న పక్షిని తీయడం దండగ. షట్టర్ పెంచినా, లక్ష రూపాయల లెన్స్ పెట్టినా మారదు. మధ్యలో ఉన్న గాలి మేరను తగ్గించడమొక్కటే దారి. దగ్గరికి జరగాలి, లేదా తెల్లారగానే రావాలి, లేదా మబ్బు పట్టిన రోజు చూసుకోవాలి. చలికాలంలో కూడా ఒక చోట ఈ మసక ఎదురవుతుంది. కారు ఆపి బానెట్ మీదుగా తీస్తే ఇంజిన్ వేడి చాలు ఫొటో చెడగొట్టడానికి. పక్క కిటికీలోంచి, ఇంజిన్ ఆపేసి తీయండి.

లెన్స్ మీద అనుమానం తీరకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గోడకు న్యూస్‌పేపర్ అతికించి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, స్టెబిలైజర్ ఆపి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. అక్షరాలు పదునుగా వస్తే లెన్సుకు ఏ జబ్బూ లేదు. ముందు బిగించిన చవకరకం యూవీ ఫిల్టర్ తీసి ఒకటి, పెట్టి ఒకటి తీసి పోల్చండి. కొన్నిసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

మసక తర్వాత ఎక్కువ ఫొటోలు పోయేది తెల్ల కొంగల దగ్గరే. మన చెరువుల్లో ఎటు చూసినా అవే కాబట్టి దీన్ని ఒకసారి గట్టిగా అర్థం చేసుకోవాలి. కెమెరా మీటర్‌కు కొంగ తెల్లనిదని తెలియదు. కనిపించినదాన్నంతా సగటున మధ్యరకం బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. తెల్లవి తీసేటప్పుడు మీటర్ లెక్కను పైకో కిందికో జరిపే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్‌లో పెట్టమని చాలా వీడియోల్లో చెబుతారు. ఫ్రేము నిండా కొంగే ఉంటే అది నిజమే, +0.7 పెట్టాలి, లేకపోతే కొంగ మురికిగా వస్తుంది. కానీ మనకు దొరికే కొంగ ఫ్రేములో పదో వంతు, మిగతా తొమ్మిది వంతులూ నల్లటి నీళ్లు. మీటర్ ఆ నలుపును చూసి వెలుతురు పెంచేస్తుంది. కొంగ వీపు మీద ఈకల గీతలన్నీ మాడిపోయి సున్నం పూసినట్టు మిగులుతుంది. అక్కడ కావాల్సింది ప్లస్ కాదు, −1 నుంచి −1.7 వరకు మైనస్. నీటికాకికి లెక్క తిరగబడుతుంది. అది ఫ్రేము నిండా ఉంటే −0.7, వెనక తెల్లటి ఆకాశం ఉంటే +1 దాటి కావాలి. పక్షి తెల్లనిదా నల్లనిదా అని కాకుండా, ఫ్రేములో ఎంత మేర తెలుపు, ఎంత మేర నలుపు అని చూడటం నేర్చుకోవాలి.

అంతకంటే నమ్మకమైన పద్ధతి పూర్తి మాన్యువల్. ఎండ నిలకడగా ఉన్నప్పుడు కొంగ మీద పడే వెలుతురు మారదు, మారేది దాని వెనకున్న దృశ్యమే. కాబట్టి ఐఎస్‌ఓతో సహా మూడూ చేత్తోనే బిగించండి. సూర్యుడు బాగా పైకెక్కాక 1/2000, ఎఫ్/6.3, ఐఎస్‌ఓ 200 దగ్గర తెల్ల కొంగ సుమారుగా సరిపోతుంది. సూర్యోదయమైన అరగంటకు అదే కొంగకు ఐఎస్‌ఓ 800 దాకా కావాలి. ఒకటి తీసి, కాలిన చోట్ల మినుకుమినుకుమనే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి చూడండి. వీపు మినుకుమంటే షట్టర్‌ను మూడో వంతు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు సగమో రెట్టింపో కావడం) చొప్పున పెంచుతూ, ఆ మినుకు ఆగిన చోట ఆపండి. సోనీ కెమెరాల్లో కాలిన చోట్ల చారలు చూపే జీబ్రాను 100+ దగ్గర పెడితే తీయకముందే కనిపిస్తుంది. ఇక కొంగ నీటి మీద నుంచి జమ్ము ముందుకు, అక్కణ్నుంచి ఆకాశంలోకి ఎగిరినా మీ లెక్క చెదరదు. సూర్యుడికి మబ్బు అడ్డొస్తే మాత్రం మళ్లీ చూసుకోవాలి. రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైల్) తీయడం తప్పనిసరి. కెమెరా చూపించే హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా వెలుతురు ఎక్కడ ఎంతుందో చూపే గ్రాఫ్) జేపెగ్‌ది, రా ఫైల్‌లో దానికి అవతల ఇంకాస్త వివరం దాగి ఉంటుంది.

వెలుతురు సంగతికొస్తే, సూర్యోదయం తర్వాతి బంగారు వెలుతురుకు గోల్డెన్ అవర్ అని అందరూ గంట లెక్క చెబుతారు. ఆ లెక్క చలి దేశాలది. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిటారుగా లేస్తాడు, గంటకు సుమారు 14 డిగ్రీలు పైకెక్కుతాడు. బంగారు రంగు వెలుతురు మనకు దొరికేది 25, 30 నిమిషాలే. ఆ తర్వాత ఇంకో గంట పక్కవాటు వెలుతురు పనికొస్తుంది. జూన్ మొదట్లో సూర్యోదయం 5.40 ప్రాంతంలో, జనవరిలో 6.45 దాటాక. ఏడింటికి చేరుకుంటే జనవరిలో సరిగ్గా సమయానికి వచ్చినట్టు, జూన్‌లో ఆట అయిపోయాక వచ్చినట్టు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నగరంలో నిలువు కర్రకు నీడే పడదు. డిసెంబర్ చివర్లో మాత్రం మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తుకు మించడు. వలస బాతులు వచ్చేదీ ఆ నెలల్లోనే, నీటి మీద గాలి చల్లగా ఉండేదీ అప్పుడే. ఏడాదిలో ఒక్క సీజన్‌కే తీరిక దొరికితే నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు కేటాయించండి.

ఇక నిలబడే చోటు. పక్షులు గాలికి ఎదురుగా ఎగురుతాయి, ఎదురుగానే దిగుతాయి. విమానాల లెక్కే. గాలి మీ వీపుకు తగులుతుంటే పక్షి ముఖం మీ వైపు ఉంటుంది, మీ ముఖానికి తగులుతుంటే రోజంతా తోకలే తీస్తారు. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు వైపు నుంచి వీస్తుంది, పొద్దున సూర్యుడూ తూర్పునే. కాబట్టి శీతాకాలపు ఉదయాల్లో చెరువుకు తూర్పు ఒడ్డున నిలబడితే వెలుతురూ గాలీ రెండూ మీ పక్షానే ఉంటాయి. మూసీ పడమటి నుంచి పారి వస్తుంది కాబట్టి 1920లో పూర్తయిన గండిపేట ఆనకట్ట జలాశయానికి తూర్పు చివర ఉంది. ఆ వైపు నుంచి పొద్దున ఈకల వివరం దొరుకుతుంది, సాయంత్రం సూర్యుడు నీటి మీదే దిగుతాడు కాబట్టి నీడబొమ్మలు దొరుకుతాయి. నీడబొమ్మకు ఆకాశాన్ని మీటర్ చేసి −1 పెట్టండి. రెండు పక్షుల మెడలు ఒకదాని మీద ఒకటి పడితే ఏ ఆకారమూ తెలియని నల్ల ముద్ద అవుతుంది, అవి విడివడే క్షణం కోసం కాచుకోవాలి.

ఎత్తు కూడా చూసుకోవాలి. కట్ట మీద నిలబడి కిందికి గురిపెడితే పక్షి వెనక అర మీటరు దూరంలోనే నీళ్లున్నట్టు లెక్క. అలలు, ప్లాస్టిక్ కవర్లు, నురగ అన్నీ స్పష్టంగా వచ్చేస్తాయి. అదే ఒడ్డున కూర్చునో పడుకునో లెన్సును నీటికి ఒక అడుగు ఎత్తులో పట్టుకుంటే వెనక భాగం ఎదుటి ఒడ్డు దాకా జరిగిపోతుంది, 200 మీటర్ల అవతలి అపార్ట్‌మెంట్లు కూడా మెత్తటి రంగు పూతలా కరిగిపోతాయి. మన చెరువుల చుట్టూ కట్టడాలు ఎక్కువని బాధపడేవాళ్లు సాయంత్రం పూట అద్దాల భవనాల ప్రతిబింబం నీటిలో ఎక్కడ పడుతుందో చూడండి. ఆ బంగారు పట్టీలోకి ఒక బొల్లికోడి ఈదుకుంటూ వచ్చేదాకా ఆగితే చాలు. పడుకునే ముందు కింద గాజుపెంకులు, పాములు చూసుకోండి, పాత గోనెసంచి ఒకటి బ్యాగులో ఉంచుకోండి.

పక్షి ఈకలు దువ్వుకోవడం ఆపి మెడ నిటారుగా చేసిందంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం. అక్కడే ఆగిపోండి, రెండు నిమిషాల్లో అది మళ్లీ తన పనిలో పడుతుంది. గూళ్ల జోలికి మాత్రం వద్దు. కొమ్మలు పక్కకు తప్పించి తీసిన గూడు ఫొటో ఎంత బాగున్నా, ఆ తర్వాత పిల్లలకు ఎండా కాకులూ తప్పవు.

బండల ఫొటోలకు ఇంత తంటా లేదు. ఖాజాగూడలోనో కేబీఆర్ పార్కులోనో కనిపించే గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్లది, ఎక్కడికీ ఎగిరిపోదు. ఏపీఎస్-సీ కెమెరాపై 18 ఎం.ఎం., ఎఫ్/8 పెట్టి 2 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే మీటరు దూరం నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. ఎఫ్/22 దాకా వెళ్లకండి, కాంతి సన్నటి కంతలో చెదిరి పదును తగ్గుతుంది. వాన వెలిసిన వెంటనే మెరుపును కోసే పోలరైజర్ ఫిల్టర్ తిప్పి చూడండి. తడి బండ మీద తెల్లటి మెరుపు తొలగి లోపలి గులాబీ, బూడిద రంగులు బయటపడతాయి. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది కాబట్టి ట్రైపాడ్ ఉండాలి.

వానాకాలం మాట వచ్చింది కాబట్టి, ఏసీ కారులోంచి దిగగానే బ్యాగు తెరవకండి. చల్లటి లెన్స్ మీద బయటి తేమ పట్టి లోపలి అద్దాల దాకా మబ్బు కమ్ముతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంట బయట పెడితే సర్దుకుంటుంది, లేదా చివరి పది నిమిషాలు ఏసీ ఆపి కిటికీలు దింపుకుని రండి. ఇంటికొచ్చాక లెన్సులను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడమంటే ఫంగస్‌ను పెంచడమే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటర్ ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి.

వానాకాలపు తేమలోనే దొరికేది ఆరుద్ర పురుగు. తొలకరి పడి నేల నానగానే ఎర్రమట్టి మీద, గడ్డి మొదళ్లలో మఖమల్ బొత్తాల్లా పాకుతుంటాయి. ఇది చాలామంది కెమెరాలను ఓడిస్తుంది. ఇంటికొచ్చి చూస్తే పురుగు మీద నూగే ఉండదు, ఎర్ర రంగు డబ్బా ఒలికినట్టు ఒకే ముద్దగా ఉంటుంది. హిస్టోగ్రామ్ చూస్తే మాత్రం తప్పేమీ కనపడదు. కారణం, మనం చూసే తెల్ల హిస్టోగ్రామ్ మూడు రంగుల సగటు లాంటిది. ఆకుపచ్చ, నీలం తక్కువగా ఉన్నాయి కాబట్టి సగటు బాగానే ఉంటుంది, ఎరుపు ఒక్కటే కుడి గోడకు గుద్దుకుని తెగిపోతుంది. కెమెరాలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎర్ర గీత కుడి అంచుకు తగలకుండా −0.7 నుంచి −1 వరకు తగ్గించండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూలకూ ఇదే మందు.

చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్సులో పూర్తి సైజుకు, అంటే పురుగు సెన్సర్ మీద అసలు సైజులోనే పడే 1:1కు వెళ్తే ఎఫ్/11లో కూడా స్పష్టంగా ఉండే లోతు ఒక మిల్లీమీటరు లోపే. సగం సైజులో ఆపితే రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. సగంలోనే ఆపి తర్వాత క్రాప్ చేసుకోండి. పై నుంచి కాకుండా నేల మీద మోచేతులు ఆనించి, కెమెరా వెనక భాగం పురుగు పక్కవాటుకు సమాంతరంగా ఉండేలా చూడండి. ఫోకస్ రింగ్ తిప్పకుండా ఒక దూరానికి బిగించి, మీరే ముందుకూ వెనక్కూ మెల్లగా ఊగుతూ కళ్ల దగ్గర పదును రాగానే నొక్కండి. ఫ్లాష్ వాడితే షట్టర్ 1/200, ఫ్లాష్ ముందు ట్రేసింగ్ పేపర్ రెండు మడతలు వేసి, దాన్ని పురుగుకు వీలైనంత దగ్గరగా వంచండి. కాగితం దూరమైతే నూగు మీద గట్టి మెరుపు చుక్కలు వస్తాయి. చేత్తో పట్టి మంచి ఆకు మీద పెట్టాలని చూడకండి, తాకగానే కాళ్లు ముడుచుకుని ఉండలా అయిపోతుంది. వాన వెలిశాక పొద్దున ఎనిమిది లోపే వెతకండి, ఎండ గట్టిగా తగిలితే మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతాయి.